కుక్కకు ఉన్నట్టుండి పొట్ట పాడైతే: ఇంట్లో చూసుకోవాలా, ఫోన్ చేయాలా, పరుగెత్తాలా?

మా కుక్కకు పొట్ట పాడైన సందర్భాల్లో రెండు నాకు బాగా గుర్తు. మొదటిసారి తెల్లవారేసరికి హాలంతా విరేచనాలే. ఎక్కడ అడుగు వేయాలో తెలియలేదు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అది మాత్రం తోక ఊపుకుంటూ గిన్నె దగ్గర నిలబడింది, తిండేదని. అయినా టెన్షన్‌తో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. డాక్టర్ పొట్ట నొక్కి చూసి, చిగుళ్లు చూసి, రెండు రోజులు తేలిక తిండి పెట్టమని పంపేశారు.

రెండోసారి ఇల్లు శుభ్రంగానే ఉంది. రెండు వాంతులు, అంతే. తిండి వద్దంది, ఓ మూలకు పోయి పడుకుంది. రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాను. మర్నాటికి తాగిన నీళ్లు కూడా కక్కేసింది. ఎక్స్‌రే, స్కానింగ్ అయ్యాక తెలిసింది, పేగులో మేజోడు అడ్డం పడిందని. ఆపరేషన్ చేసి తీశారు. బతికింది.

అప్పటినుంచి నేల ఎంత పాడైందో చూసి నిర్ణయం తీసుకోవడం మానేశాను. కుక్క ఎలా ఉందో చూస్తాను. ఈ వ్యాసంలో పోల్చేవన్నీ ఆ ఒక్క అలవాటు మీదే నిలబడ్డాయి: ఎక్కడ చూపించాలి, ఏం తినిపించాలి, ఏ మందు ఇవ్వాలి, ఏది అసలు ఇవ్వకూడదు.

## ముందు ఐదు నిమిషాలు కుక్కను చూడండి

హుషారు. పిలిస్తే వస్తోందా, తోక ఊపుతోందా, బయటికి వెళ్దామంటే లేస్తోందా? ఒక పూట తిండి మానినా హుషారుగా ఉన్న కుక్క గురించి నాకు పెద్దగా దిగులుండదు. లేవడానికి బద్ధకిస్తున్నా, నడుస్తూ తూలుతున్నా, ఎప్పుడూ లేనిది చీకటి మూలల్లోకి దూరుతున్నా అది వేరే కథ.

నీళ్లు నిలుస్తున్నాయా. అన్నిటికన్నా ఎక్కువ బరువిచ్చేది దీనికే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, అంటే 10 కిలోల కుక్కకు అర లీటరు పైమాటే. విరేచనాలవుతుంటే ఇంకా కావాలి. ఎన్నిసార్లు విరేచనమైనా, తాగినది లోపల నిలుస్తుంటే మీకు కొంత టైమ్ ఉంది. తాగిన ప్రతిసారీ కక్కేస్తుంటే ఆ టైమ్ లేదు.

చిగుళ్లు. పై పెదవి ఎత్తి చూడండి. గులాబీ రంగులో, తడిగా, జారుడుగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. వేలికి చిగురు అతుక్కున్నట్టు జిగటగా అనిపిస్తే ఒంట్లో నీళ్లు తగ్గాయని. తెల్లగా పాలిపోయినా, ఇటుక రంగుకు తిరిగినా ఆలస్యం చేయొద్దు. పుట్టుకతోనే నల్ల చిగుళ్లున్న కుక్కకు కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి. భుజాల మధ్య చర్మం పైకి లాగి వదిలే పరీక్ష చాలామందికి తెలుసు కానీ దాని ఒక్కదానినే నమ్ముకోకండి. ముసలి, బక్క కుక్కల్లో చర్మం మామూలుగానే నెమ్మదిగా సర్దుకుంటుంది. బాగా లావుగా ఉన్న కుక్కలో, నీళ్లు తగ్గినా చర్మం టక్కున వెనక్కి పోతుంది.

ఏం వస్తోంది, ఎలా వస్తోంది. ఎక్కువ మొత్తంలో, నీళ్లలా, రోజుకు నాలుగైదు సార్లు పోతుంటే ఇబ్బంది చిన్న పేగులో ఉందని అనుకోవచ్చు. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, ముక్కుతూ, బంకతో పోతుంటే అది పెద్ద పేగు పని. అందులో ఒకటి రెండు ఎర్రటి రక్తపు చారలు కనబడితే చూడ్డానికి భయంగానే ఉంటుంది, కానీ ముక్కీ ముక్కీ పేగు చివర ఒరుసుకుపోయినా అలా వస్తుంది. తారులా నల్లగా, జిగటగా, మామూలుకు మించిన కంపుతో వస్తే మాత్రం పై పేగులోనో కడుపులోనో రక్తం కారుతోందని అర్థం. ఎర్ర జామ్ పోసినట్టు రక్తం వస్తే అదింకా తొందరపడాల్సిన విషయం. దానికి వైద్యంలో వేరే పేరే ఉంది, తీవ్ర రక్త విరేచనాల సిండ్రోమ్ అని. చిన్న జాతి కుక్కల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని గంటల్లోనే రక్తం చిక్కబడి కుక్క షాక్‌లోకి పోవచ్చు. సకాలంలో సెలైన్ ఎక్కితే చాలావరకు తేరుకుంటాయి.

వయసు, టీకాలు, పాత జబ్బులు. ఆరు నెలలలోపు పిల్ల, టీకాల కోర్సు పూర్తికాని కుక్క, షుగర్ ఉన్నది, కిడ్నీ జబ్బున్నది, గర్భంతో ఉన్నది, స్టెరాయిడో పెయిన్ కిల్లరో వాడుతున్నది... ఇవన్నీ ఒక మెట్టు పైన లెక్క. వేరే కుక్కకు ఇంట్లో చూసుకుందాం అనుకునే చోట వీటికి ఫోన్ చేయాలి. ఫోన్ సరిపోతుంది అనుకునే చోట వీటిని తీసుకెళ్లాలి.

ఏం తింది. చెత్తబుట్ట చూడండి, సోఫా వెనక చూడండి, మందుల డబ్బాలో లెక్క చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లను తిట్టకుండా అడగండి, నిజం చెప్తారు.

థర్మామీటర్ ఉంటే మలద్వారంలో పెట్టి చూడొచ్చు. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 103 దాటితే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, 104 దాటితే బయల్దేరాలి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది దేనికీ పనికిరాదు.

## ఎంపిక లేని సందర్భాలు

కింద చెప్పినవాటిలో ఒక్కటి కనబడినా పోలికలు పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి:

- డోకుతోంది, డోకుతోంది, ఏమీ పడట్లేదు. పొట్ట ఉబ్బి డోలులా ఉంది. కడుపు మెలిపడిందేమో. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో ఈ భయం ఎక్కువ. ఇక్కడ గంటలు కూడా ఎక్కువే.
- చిగుళ్లు పాలిపోయాయి, కుక్క కూలబడిపోయింది, లేదా ఫిట్స్ వచ్చాయి.
- ఎక్కువ రక్తం, నల్లటి మలం, కాఫీ పొడిలాంటి వాంతి.
- టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులూ విరేచనాలూ కలిసి వచ్చాయి.
- విషం తిన్నట్టు అనుమానం.

విషం గురించి ఇంకో రెండు మాటలు. జైలిటాల్ అనే తీపి పదార్థం షుగర్ లేని చూయింగ్ గమ్‌లోనూ కొన్ని టూత్‌పేస్టుల్లోనూ ఉంటుంది. అది తిన్న అరగంట, గంటలోనే కుక్క రక్తంలో షుగర్ పడిపోవచ్చు. చాక్లెట్ లక్షణాలు బయటపడడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. ద్రాక్ష, ఎండుద్రాక్ష తింటే మొదట వాంతులు, ఆ తర్వాత ఒకటి మూడు రోజుల్లో కిడ్నీ దెబ్బతినే ప్రమాదం. రక్తం గడ్డకట్టనివ్వని రకం ఎలుకల మందైతే మొదటి రోజు ఏమీ తెలియదు, మూడు నుంచి ఐదు రోజుల తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. కాబట్టి "తింది కానీ బాగానే ఉంది" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. అలాగని ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, ఉప్పే విషమవుతుంది. యాసిడ్, కిరోసిన్ లాంటివి మింగితే వాంతి చేయించడమే ప్రమాదం, వచ్చేటప్పుడు గొంతును మళ్లీ కాల్చుకుంటూ వస్తాయి, ఊపిరితిత్తుల్లోకి కూడా పోతాయి. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి. అది మొదటి ఒకటి రెండు గంటల్లోనే బాగా పనిచేస్తుంది కాబట్టి ఫోన్ ముందు, ఆలోచన తర్వాత.

## ఎక్కడ చూపించాలి: నాలుగు దారులు

| దారి | ఎవరికి సరిపోతుంది | లాభం | లోటు |
|---|---|---|---|
| ఇంట్లోనే | ఎదిగిన కుక్క, హుషారుంది, నీళ్లు నిలుస్తున్నాయి, 48 గంటలు దాటలేదు | ఖర్చు లేదు, కుక్కకు కొత్త చోటు ఒత్తిడి లేదు | మీ కన్నే డాక్టర్. అది పొరబడొచ్చు |
| ఫోన్, వీడియో | తేల్చుకోలేకపోతున్నారు, రాత్రి వేళ, కుక్క ఓ మాదిరిగా ఉంది | తీసుకెళ్లాలా వద్దా తేలుతుంది | పొట్ట నొక్కి చూడలేరు, పరీక్షలు లేవు |
| మామూలు క్లినిక్ | రెండు రోజులు దాటింది, వాంతులు రెండు మూడుకు మించాయి, పిల్ల లేదా ముసలిది | మల పరీక్ష, సెలైన్, వాంతుల ఇంజెక్షన్ | వెయిటింగ్, మూసే టైమ్ |
| ఎమర్జెన్సీ | పై జాబితాలో ఏదైనా ఉంటే | ఎప్పుడైనా ఎక్స్‌రే, స్కానింగ్, ఆపరేషన్ | ఖర్చు ఎక్కువ, మీ కుక్క పాత చరిత్ర వాళ్లకు తెలియదు |

ఇంట్లో చూసుకోవడాన్ని "ఏమీ చేయకపోవడం" అనుకుంటారు చాలామంది. ఎదిగిన కుక్కల్లో ఉన్నట్టుండి వచ్చే విరేచనాల్లో ఎక్కువ భాగం చెత్త తినడం వల్లో, తిండి మార్చడం వల్లో, ఒత్తిడి వల్లో వచ్చేవే. రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. మీరు చేసే పని ఏంటంటే ఆ రెండు రోజులూ లెక్క పెట్టడం: ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు, ఎంత తాగింది, మూత్రం పోసిందా. ఫోన్‌లో రాసుకోండి. రాత్రి మూడింటికి "ఇది నాలుగోదా, ఐదోదా" అని గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

ఫోన్ సలహాను నేను చాలాకాలం తక్కువగా చూశాను. ఇప్పుడు అభిప్రాయం మారింది. వీడియోలో డాక్టర్ జబ్బు పేరు చెప్పలేకపోయినా "రేపటిదాకా ఆగొచ్చు" అనో "ఇప్పుడే బయల్దేరండి" అనో చెప్పగలరు. మనకు ఆ టైమ్‌లో కావాల్సింది సరిగ్గా అదే. ఫోన్‌లో మందు రాయించుకోవాలని మాత్రం ఒత్తిడి చేయకండి. పేగులో అడ్డం ఉందో లేదో చేతితో తడిమి చూడకుండా వాంతులు ఆపే మందు ఇస్తే లోపల ముదురుతున్నది కప్పబడిపోవచ్చు.

క్లినిక్‌కు వెళ్తే మీరు అడిగి చేయించుకోదగినది మల పరీక్ష. నట్టలు, జియార్డియా లాంటి పరాన్నజీవులు దొరికితే వైద్యం సూటిగా ఉంటుంది, ఊహలతో పని లేదు. పార్వో అనే వైరస్ జబ్బు అనుమానం ఉంటే మలం నుంచే చేసే పరీక్ష నిమిషాల్లో తేలుస్తుంది. కొవ్వు తిండి తిన్నాక వాంతులు, పొట్ట నొప్పి వస్తే క్లోమం వాచిందేమో చూసే రక్త పరీక్ష ఉంది. నొప్పిని ఎలా గుర్తుపట్టాలంటే, ముందు కాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తి మాటిమాటికీ అలాగే ఉండిపోతుంది. ఆటకు పిలిచేటప్పుడూ ఇదే భంగిమ పెడుతుంది కానీ ఆ కళ్లు వేరు, ఈ కళ్లు వేరు.

ఎమర్జెన్సీకి అనవసరంగా వెళ్లినవాడిగా ఒక మాట: సిగ్గుపడాల్సిందేమీ లేదు. వెళ్లి తిరిగొస్తే పోయేది డబ్బు, నిద్ర. ఆగినవాడిగా నేను దాదాపు పోగొట్టుకున్నది దానికన్నా పెద్దది.

## ఏం పెట్టాలి

ఒకప్పుడు పొట్ట పాడైన ప్రతి కుక్కకూ ఒకే మాట చెప్పేవారు: ఒక రోజంతా కడుపు మాడ్చండి, పేగుకు విశ్రాంతి. ఇప్పుడా ఆలోచన చాలావరకు మారింది. పేగు లోపలి పొర తనకు కావాల్సిన పోషణలో ఎక్కువ భాగం లోపలికొచ్చే తిండి నుంచే నేరుగా తీసుకుంటుంది. పూర్తిగా ఖాళీ పెడితే ఆ పొర కోలుకోవడం ఆలస్యమవుతుంది. పార్వో వచ్చిన కుక్కపిల్లలకు సైతం త్వరగా కొద్దికొద్దిగా తినిపిస్తే మేలని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది.

కాబట్టి నా లెక్క ఇది. విరేచనాలు మాత్రమే ఉంటే ఉపవాసం వద్దు, తేలిక తిండి కొంచెం కొంచెంగా పెట్టండి. వాంతులు కూడా ఉంటే ఆరు నుంచి పన్నెండు గంటలు తిండి ఆపి, ఆ తర్వాత ఒక చెంచాతో మొదలుపెట్టండి. పిల్లలకు, చివావా లాంటి బుల్లి జాతులకు ఆ పన్నెండు గంటలు కూడా వద్దు. షుగర్ పడిపోతుంది. షుగర్ జబ్బుతో ఇన్సులిన్ తీసుకునే కుక్క తిండి మానితే ఇంజెక్షన్ ఎంత ఇవ్వాలో డాక్టర్‌నే అడగాలి.

| | ఇంట్లో ఉడికించిన చికెన్, అన్నం | రెడీమేడ్ గ్యాస్ట్రో ఆహారం | రోజూ తినేదే, తక్కువ మోతాదులో |
|---|---|---|---|
| సులువు | వండాలి | డబ్బా తెరిస్తే చాలు | ఏమీ చేయక్కర్లేదు |
| పోషకాలు | అరకొర. కాల్షియం లోటు | సంపూర్ణం | సంపూర్ణం |
| ఎన్ని రోజులు | మూడు నుంచి ఐదు | డాక్టర్ చెప్పినన్ని | లక్షణాలు స్వల్పంగా ఉన్నంతవరకు |
| కుక్క తింటుందా | దాదాపు ఎప్పుడూ | కొన్ని ముక్కు తిప్పుతాయి | వికారం ఉంటే తినదు |
| ఎవరికి | మొదటిసారి, స్వల్ప సమస్య | మాటిమాటికీ పొట్ట పాడయ్యేవి, పిల్లలు, జబ్బులున్నవి | ఒకటి రెండు విరేచనాలే అయినవి |

చికెన్ అంటే తోలు, ఎముక తీసిన రొమ్ము భాగం, నీళ్లలో ఉడికించి, పైన తేలిన కొవ్వు తీసేసినది. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. అన్నం తెల్లదే, మెత్తగా. ఒక వంతు చికెన్‌కు రెండు వంతుల అన్నం. రోజు మొత్తాన్ని నాలుగు నుంచి ఆరు చిన్న పూటలుగా పెట్టండి. గిన్నె నిండా పెడితే ఆకలితో ఉన్న కుక్క ఒక్క గుక్కలో మింగేసి అదే వేగంతో కక్కేస్తుంది. చికెన్ పడని కుక్కకు ముల్లు తీసిన తెల్ల చేపనో, అన్నం బదులు ఉడికించిన బంగాళదుంపనో వాడొచ్చు.

పాలు వద్దు. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఎప్పుడూ పెరుగు తిని అలవాటున్న కుక్క అయితే ఒక చెంచాకు ఏమీ కాదు గానీ, పొట్ట పాడైన రోజే మొదటిసారి రుచి చూపించకండి.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, ఒక్క సందర్భంలో తప్ప: గటగటా తాగి వెంటనే కక్కేస్తుంటే గిన్నె తీసేసి పావుగంటకోసారి రెండు మూడు చెంచాలు ఇవ్వండి, లేదా ఐసు ముక్క నాకనివ్వండి. అదీ నిలవకపోతే ఇంట్లో చేయగలిగింది అయిపోయినట్టే. ఓఆర్ఎస్ కొద్దిగా తాగించొచ్చు, అయితే ప్యాకెట్ మీద జైలిటాల్ లేదని చదివి తీరాలి. నోరు పట్టుకుని బలవంతంగా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

## మందుల అలమర తెరిచే ముందు

ప్రోబయోటిక్. కుక్కల కోసం తయారైనవి ఉన్నాయి, ఎంటరోకాకస్ ఫీసియం లాంటి బ్యాక్టీరియాతో. కొన్ని పరీక్షల్లో విరేచనాలు తగ్గడం కొంచెం త్వరపడింది, అద్భుతమేమీ జరగలేదు. ఎలాగూ తగ్గేది కాస్త ముందు తగ్గుతుంది. హాని తక్కువ కాబట్టి, ఏదో ఒకటి ఇవ్వకపోతే మనసు ఊరుకోనివాళ్లకు ఇదే సరైన ఎంపిక. ఆ గుంపులో నేనూ ఉన్నాను.

పీచు: గుమ్మడి, ఇసబ్గోల్. ముక్కుతూ బంకతో పోయే పెద్ద పేగు విరేచనాలకు బాగా పనికొస్తాయి. ఉడికించి మెదిపిన తియ్య గుమ్మడి, ఏమీ కలపనిది. చిన్న కుక్కకు ఒక చెంచా, పెద్దదానికి రెండు మూడు పెద్ద చెంచాలు తిండిలో కలపండి. ఇసబ్గోల్ అయితే నీళ్లలో బాగా నాననిచ్చి ఇవ్వాలి. తీపి, రుచి కలిపిన రకాలు వద్దు.

కేయోలిన్, పెక్టిన్ పేస్టులు. మలం గట్టిగా కనబడేలా చేస్తాయి. జబ్బు తగ్గించాయా, కనబడే తీరు మార్చాయా అన్నది వేరే ప్రశ్న. చాలామంది డాక్టర్లు ఇస్తారు, హాని లేదు.

లోపెరమైడ్, అంటే మనుషుల విరేచనాల మాత్ర. ఇదే నన్ను ఎక్కువ భయపెట్టేది, ఎందుకంటే ఇది అందరి ఇళ్లలో ఉంటుంది. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్ లాంటి గొర్రెల కాపలా జాతుల్లో చాలావాటికి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. దీన్ని 2001లో కనిపెట్టారు. ఆ లోపం ఉన్న కుక్కలో మెదడు దగ్గర ఉండే కాపలా పనిచేయదు, మందు నేరుగా లోపలికి పోతుంది. కుక్క మత్తుగా పడిపోతుంది, తూలుతుంది. ఊరి కుక్కల్లోనూ, కలగలుపు జాతుల్లోనూ ఈ లోపం ఎవరిలో ఉందో చూసి చెప్పలేం. ఇంకోటి, విషమో చెడు బ్యాక్టీరియానో బయటికి తోయడానికి పేగు చేస్తున్న పనిని ఇది ఆపేస్తుంది. డాక్టర్ చెప్పకుండా వద్దు.

బిస్మత్ మందులు. ఇందులో ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన పదార్థం ఉంటుంది. కడుపులో పుండున్న కుక్కకు, స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు చెడు చేస్తుంది. పైగా మలాన్ని నల్లగా మారుస్తుంది. తర్వాత నల్లటి మలం చూసి అది మందు రంగో రక్తమో మీకూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు.

ఐబుప్రోఫెన్, పారాసిటమాల్. నొప్పిగా ఉందేమో పాపం అని ఇచ్చేవాళ్లున్నారు. ఇవ్వకండి. మొదటిది కడుపులో పుండు చేసి కిడ్నీని దెబ్బతీస్తుంది, రెండోది కాలేయాన్ని.

యాంటీబయాటిక్. ఇక్కడే క్లినిక్‌లో ఎక్కువ గొడవ. చాలా ఏళ్లుగా విరేచనాలంటే మెట్రోనిడజోల్ రాసేయడం అలవాటు. అది విరేచనాలను ఓ రోజు ముందు ఆపుతుందని చూపిన పరీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు ఇచ్చి చూస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా దెబ్బతిని, మందు ఆపాక నాలుగు వారాలైనా పూర్తిగా కోలుకోలేదని చూపిన పరీక్షా ఉంది. ఒక రోజు లాభం కోసం నెల నష్టం నాకు మంచి బేరంగా తోచలేదు. 2024లో యూరప్ పశువైద్య నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తేలికపాటి, ఓ మోస్తరు విరేచనాలకు యాంటీబయాటిక్ వద్దనే చెప్పాయి. జ్వరం, రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉంటే లెక్క వేరు. డాక్టర్ రాస్తే వాదించక్కర్లేదు, "ఇది లేకుండా రెండు రోజులు చూడొచ్చా?" అని అడిగితే చాలు. చాలామంది ఒప్పుకుంటారు. కొంతమంది డాక్టర్లు ఇంటివాళ్లు మందు లేకుండా వెళ్లడానికి ఇష్టపడరనే రాస్తారు. పాత కోర్సులో మిగిలిన మాత్రలు మాత్రం ఎప్పుడూ వాడకండి.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

కుక్కపిల్ల ఉన్నవాళ్లు. ఇంట్లో చూసుకోవడం అన్న దారి మీకు దాదాపు లేదు. ఒక్కసారి మెత్తగా పోయి, గంతులేస్తూ ఉంటే ఒక పూట ఆగండి. వాంతి కలిసినా, తిండి మానినా అదే రోజు క్లినిక్; టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులూ విరేచనాలూ కలిస్తే పైన చెప్పినట్టు ఎమర్జెన్సీ. పార్వో వైరస్ 1978 నుంచి ప్రపంచమంతా పాకింది. టీకా లేని పిల్లకు వైద్యం ఎంత త్వరగా మొదలైతే బతికే అవకాశం అంత ఎక్కువ. ఆస్పత్రికి వెళ్లాక పిల్లను వరండాలో కింద వదలకండి, వేరే పిల్లలకు అంటుతుంది. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచ్ కావాలి.

ఉద్యోగానికి వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు. ఇంట్లో చూసుకోవాలంటే చూసే మనిషి ఉండాలి కదా. పది గంటలు ఒంటరిగా ఉండే కుక్క ఎన్నిసార్లు కక్కిందో ఎవరు చెప్తారు? పొద్దున్నే తేడా కనబడితే మీరు ఫోన్ సలహాతో మొదలుపెట్టడం మంచిది. ఎవరూ ఉండే వీలు లేకపోతే, వేరేవాళ్లు ఆగే చోట మీరు క్లినిక్‌కు వెళ్లడమే సరి.

ముసలి కుక్క ఉన్నవాళ్లు. పొట్ట పాడవడం కిడ్నీ, కాలేయం జబ్బులకు మొదటి గుర్తు కావచ్చు. రెండు రోజుల గడువును ఒక రోజుకు కుదించుకోండి. రక్త పరీక్ష చేద్దామంటే వద్దనకండి.

మాటిమాటికీ ఇదే తిప్పలు పడేవాళ్లు. నెలకోసారి విరేచనాలు, నాలుగు రోజులు అన్నం చికెన్, మళ్లీ మామూలు. ఇది హఠాత్తు సమస్య కాదు, పాత సమస్య హఠాత్తుగా తలెత్తుతోంది. తిండి పడకపోవడం, జియార్డియా, పేగు వాపు, అడ్రినల్ గ్రంథి సరిగ్గా పనిచేయని అడిసన్స్ జబ్బు... వీటిలో ఏదైనా ఉండొచ్చు. అడిసన్స్ మరీ మాయది, సెలైన్ ఎక్కించగానే బాగుపడినట్టు కనబడి కొన్ని వారాలకు తిరిగొస్తుంది. ఇక్కడ ఎమర్జెన్సీకి నాలుగుసార్లు తిరిగే ఖర్చు, ఒకే డాక్టర్ దగ్గర ఓపిగ్గా చేయించుకునే పరీక్షల కన్నా ఎక్కువవుతుంది.

రెండు మూడు కుక్కలున్నవాళ్లు. ఒకదానికే వస్తే అది తిన్నదేదో చూడండి, అన్నిటికీ వస్తే అందరూ తిన్నదేదో, అంటుకున్నదేదో చూడండి. గిన్నెలు వేరు చేయండి. మలం తీశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ లాంటివి మనుషులకూ అంటుతాయి, ఇంట్లో పసిపిల్లలుంటే మరీ జాగ్రత్త.

## బయల్దేరేటప్పుడు, తిరిగొచ్చాక

మలం కొంచెం మూత గట్టిగా ఉన్న శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్లండి, తాజాదైతే మేలు. వాంతిని, మలాన్ని ఫోటో తీసుకోండి. ఇబ్బందిగా అనిపిస్తుంది కానీ "కాస్త ఎర్రగా ఉందండీ" అన్న మాట కన్నా ఫోటో వంద రెట్లు నయం. ఏదైనా నమిలిందని అనుమానముంటే ఆ ప్యాకెట్, ఆ మందు రేపర్, ఆ బొమ్మలో మిగిలిన ముక్క వెంట తీసుకెళ్లండి. నట్టల మందు చివరిసారి ఎప్పుడు వేశారో, టీకా కార్డు ఎక్కడుందో ముందే చూసుకోండి. కక్కడం రెండు రకాలని కూడా గుర్తుంచుకోండి: పొట్ట ఎగరేస్తూ బలంగా తెచ్చుకుంటే వాంతి, ఏ ప్రయత్నం లేకుండా తిన్నది తిన్నట్టు జారిపడితే అది అన్నవాహిక సమస్య. డాక్టర్ ఈ తేడా తప్పకుండా అడుగుతారు, వీడియో ఉంటే ఇంకా మంచిది.

మలం గట్టిపడ్డాక ఒక్కసారిగా పాత తిండికి వెళ్లకండి. మొదటి రోజు పావు వంతు పాతది, మర్నాడు సగం, ఆ తర్వాత ముప్పావు, నాలుగో రోజుకు మొత్తం. మధ్యలో మళ్లీ మెత్తబడితే ఒక మెట్టు వెనక్కి వచ్చి ఒక రోజు ఆగండి. ఇంకో సంగతి, విరేచనాలు ఆగాక ఒకటి రెండు రోజులు అసలు మలమే రాకపోవచ్చు. పేగంతా ఖాళీ అయిపోయింది, తేలిక తిండిలో మిగిలేదీ తక్కువ. మలబద్ధకం అని కంగారుపడి మళ్లీ ఏదో మందు పోయకండి. కుక్క తింటూ, తాగుతూ, ముక్కకుండా హుషారుగా తిరుగుతుంటే మూడో రోజుకు దానంతటదే వస్తుంది.